పాత కారు తొలి వన్నె



ఏబది అరువది ఏండ్ల క్రిందట తయారై, చేతులు మారి, ఊళ్ళు మారి, ఎండకు ఎండి వానకు తడిసి, చిట్టచివరకు ఏ చింతచెట్టు క్రిందనో ఏ రేకుల షెడ్డులోనో పడియున్న కారును ఇంటికి తెచ్చుకొని, దాని ఇంజనును విప్పి బిగించి, తుప్పు తిన్న రేకును కోసి క్రొత్త రేకు అతికి, సీట్లకు తోలు కుట్టించి, మరల రోడ్డుమీద నడిపింపవలెనని పూనుకొనువారు మన దేశమునను పరదేశములందును పెక్కుమంది కలరు. వీరిలో ఎవరిని పలుకరించినను ఒక్క మాటయే చెప్పుదురు. యంత్రభాగములు దొరకుట కష్టమే గాని, దొరకిన వస్తువు సరియైనదా కాదా యనుటకు కొలబద్ద యొకటి కలదు. అటువంటి కొలబద్దకు లొంగక తిప్పలు పెట్టునది రంగు. పిస్టను వ్యాసమును ఎవరైనను కొలిచి చెప్పవచ్చును. 1962వ సంవత్సరమున ఇంగ్లండులోని ఆబింగ్డను పట్టణపు కర్మాగారమునుండి వెలువడిన ఎం.జి.బి. కారు ఒకటి ఆనాడు ఏ తెలుపుతో వెలువడినదో నిర్ణయించుటయు, దానికి సరితూగు తెలుపును కలిపి పూయుటయు, శాస్త్రము కొంత, హస్తకౌశలము కొంత, ఓర్పు మిక్కిలి కోరు పనులు. ఆ పనులను గూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా ఒక చిక్కు విప్పవలసి యున్నది. యజమాని “నా కారుకు తొలి రంగే కావలెను” అన్నప్పుడు ఆయన మనస్సులో ఒక్క రంగే యుండును. పెయింటరు చేతికి వచ్చుసరికి అది మూడగును. కర్మాగారపు ఖాతాలో ఒక పేరుతో, ఒక సంకేతసంఖ్యతో నమోదైన రంగు ఒకటి. ఆ సంకేతమును బట్టి కలుపబడి, ఫలానా దినమున, ఫలానా పీపానుండి, ఫలానా కార్మికుని చేతి గన్నుద్వారా ఆ బండిమీద నిజముగా పడిన రంగు మరియొకటి. ఇన్ని యేండ్ల ఎండవానలకు మారిమారి నేడు మన కంటికి కనబడుచున్నది వేరొకటి. ఈ మూడింటిని ఒకటిగా తలచుటవలననే సగము తగవులు పుట్టుచున్నవి. నా దృష్టిలో వెదుకదగినది నడిమిది. మొదటిది దానికి దారి చూపు కాగితము; కడపటిది దానికి సాక్షి, అదియు పొంతన లేని మాటలు చెప్పు సాక్షి.

కాగితము సంగతి త్వరగా ముగించెదను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత వచ్చిన కార్లలో చాలవాటికి ఇంజను గది గోడమీదనో, తలుపు తెరచినచోట కంబముమీదనో ఒక చిన్న రేకుముక్క బిగించియుండును. అందులోని అంకెల నడుమ రంగు సంకేతముండును. వోక్స్‌వ్యాగన్ బీటిలుకు ఎల్ 87 అనగా ముత్యపు తెలుపు, ఎల్ 41 అనగా నలుపు, ఎల్ 390 అనగా గల్ఫ్ నీలము. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి లెక్కలో డబ్ల్యు.టి. 3 అనునది ‘ఓల్డ్ ఇంగ్లిష్ వైట్’, డబ్ల్యు.టి. 4 అనునది ‘స్నోబెరీ వైట్’. ఈ రెండింటిలో మొదటిది మీగడ ఛాయ గలది, రెండవది అంతకంటె స్వచ్ఛమైనది. విడివిడిగా చూచినవాడు రెండును తెలుపే యనును. ఒకే కారున కుడి తలుపునకు ఒకటి, ఎడమ తలుపునకు ఒకటి వేసినచో వీధిలో పోవు పిల్లవాడు సైతము వేలెత్తి చూపును. రేకుముక్క ఊడిపోయినదా, లేక మొదటినుండియు రంగు సంకేతమే లేనిదా, అపుడు ఇంగ్లండులోని గేడన్‌లో నున్న బ్రిటిష్ మోటార్ మ్యూజియము వంటి సంస్థలు కర్మాగారపు పాత ఖాతాలను తిరుగవేసి, చాసిస్ సంఖ్యను బట్టి ఆ బండి ఏ రంగుతో వెలువడినదో వ్రాతపూర్వకముగా ధ్రువపరచి పంపును. ఇంతవరకు అంతయు సుగమమే.

అయితే పేరు తెలిసినంత మాత్రమున రంగు తెలిసినట్లు కాదు. ‘బ్రిటిష్ రేసింగ్ గ్రీన్’ అను ప్రఖ్యాతమైన పచ్చదనమునే చూడుడు. 1902లో ఎస్. ఎఫ్. ఎడ్జ్ నేపియర్ కారుమీద గోర్డన్ బెనెట్ పందెమును గెలువగా, మరుసటియేటి పందెమును నిర్వహించు భారము బ్రిటనుపై పడెను. గ్రేట్ బ్రిటనులో సామాన్య మార్గములమీద పందెములు నడుపుటకు వీలులేనందున దానిని ఐర్లండున జరిపిరి. ఐర్లండునకు మర్యాదగా తమ కార్లకు పచ్చరంగు వేసిరని చెప్పుదురు. నాటినుండి ఆ దేశపు పందెపు బండ్లకు పచ్చయే చిహ్నమాయెను. ఫ్రాన్సునకు నీలము, ఇటలీకి ఎరుపు, బెల్జియమునకు పసుపు, జర్మనీకి తొలుత తెలుపు, పిమ్మట వెండి. కాని ఆ ‘బ్రిటిష్ రేసింగ్ గ్రీన్’ ఏది? జాగ్వారు వారిది ఒక పచ్చ, లోటస్ వారిది ఒక పచ్చ, ఆస్టిన్-హీలీ వారిది మరియొక పచ్చ. ఒక సంస్థయే ఏండ్లు గడచినకొలది ఛాయ మార్చుచు వచ్చినది. కనుక అంగడికి పోయి ఈ పేరు చెప్పి డబ్బా కొనువాడు ఏదో ఒక పచ్చను కొనును. తన కారు పచ్చను కొనినట్లు ఎవరు చెప్పగలరు?

నలుపైనను ఇంతే. ఫోర్డు మోడల్ టి కారు 1908లో వెలువడినప్పుడు ఎరుపు, బూడిదవన్నె, పచ్చ వంటి రంగులతో వచ్చినది. 1914 మొదలు 1925 వరకు నలుపు తప్ప వేరు రంగు లేకుండెను. ఆ పదునొకండేండ్ల నలుపు లోకప్రసిద్ధము. అయినను, ఆ నలుపు సైతము ఒకటి కాదు. శిలాజతువు వంటి నల్లని జిగురుపదార్థమును నూనెలతో కాచి చేసిన ఆ పూతను ఒక భాగమును ముంచి తీసియు, ఒక భాగముపై ధారగా పోసియు, ఒకదానికి కుంచెతో రాచియు, పొయ్యిగదులలో కాల్చి ఆరబెట్టుచుండిరి; భాగమును బట్టి పాకము మారెడిది. నేటి డబ్బాలోని నలుపు నీలిఛాయ గొట్టుచు అద్దమువలె మెరయును. పాత నలుపులో సూక్ష్మముగా గోధుమఛాయ కలదు. తెలిసినవాని కంటికి ఈ భేదము ఆమడదూరమునుండి తెలియును.

ఫోర్డు నలుపునకు కట్టువడియున్న ఆ కాలముననే ఇతర సంస్థలు రంగులకై పడిన పాట్లు మరియొక కథ. గుఱ్ఱపుబండ్ల నాటి పద్ధతిలో కుంచెతో పూతపై పూత వేసి, వార్నీషు పట్టించి, ప్రతి పూతయు ఆరువరకు వేచియుండుటకు వారములు పట్టెడిది. డ్యూపాంట్ సంస్థ, ఫిల్ములకు వాడు నైట్రోసెల్యులోజునుండి త్వరగా ఆరు లాకరు నొకదానిని సాధించి ‘డ్యూకో’ యని పేరు పెట్టినది. 1923లో జనరల్ మోటార్స్ వారు 1924 నమూనా ఓక్లండు కార్లకు ‘ట్రూ బ్లూ’ అను నీలిరంగుగా దీనిని మొదట వాడిరి. వారముల పని గంటలకు దిగినది. రంగురంగుల కార్లు రోడ్డెక్కినవి. ఆ పేరు మన షెడ్లలో నేటికిని చెల్లుచునే యున్నది, డబ్బామీద ఏ సంస్థ పేరున్నను మన మేస్త్రీ “డ్యూకో కొట్టిస్తారా సార్?” అనియే యడుగును.

డ్యూకోకు ముందటి బండ్లకు సంకేతసంఖ్యల ఊసే లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో చూపరుల కొరకుంచిన పసుపువన్నె రోల్స్ రాయిస్‌ను మీలో కొందరు చూచియుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కొరకు చేయించబడినదది. అసఫ్‌జాహీ పతాకపు వన్నెయు పసుపే. అటువంటి బండికి యంత్రము ఒకరు చేయగా, పైదేహమును బండ్లు కట్టు నిపుణులు వేరుగా కట్టి, కొన్నవాని కోరికను బట్టి రంగు పూసెడివారు. ఆ పసుపునకు పట్టీలో సంఖ్య యేదియు ఉండదు. ఆ దినమున పనివాడు తన పాత్రలో కలిపినదే దానికి ప్రమాణము. ఇట్టి బండికి రంగు సరిచూడ బూనినవానికి కాగితములు దారి చూపవు, బండినే యడుగవలెను.

బండి నడుగుట యెట్లు? ఇదియే ఈ విద్యలో ఎల్లకంటె రసవత్తరమైన ఘట్టము. పైరేకుల రంగును నమ్మరాదు; దానిని సూర్యుడు, సబ్బు, పాలిషు, అంతకు మించి పాత యజమానుల అభిరుచులు చెరచియుండును. రంగు దాగు చోటులు వేరు. డాష్‌బోర్డు వెనుక, గ్లవ్ బాక్సు వెనుక, తలుపు లోపలి అట్ట తీసినచో దాని క్రింద, హెడ్‌లైటు గిన్నె విప్పినచోట, అద్దముల చుట్టునున్న రబ్బరు క్రింద, డిక్కీ అడుగున పరచిన చాప క్రింద, నికెలు పట్టీ బిగించిన చోట దాని నీడలో తొలి పూత తరచుగా చెక్కుచెదరక యుండును. సంకేతసంఖ్య గల రేకుముక్కయే యుండెనా, దాని వెనుక అరంగుళము మేర దొరకు రంగు బంగారముతో సమానము. తరువాతి పెయింటర్లు దానిని విప్పు శ్రమ పడరు గదా!

రెండవ ఉపాయము పొరలను చదువుట. పలుమార్లు రంగు మారిన కారున కంటికి అంతగా ఆనని యొకచోట మిక్కిలి సన్నని నీటి ఎమరీ కాగితమును తడిపి, వ్రేలిమొన వెడల్పున గుండ్రముగా మెల్లమెల్లగా రుద్దుచు పోయినచో, పైపూత తెగి దాని క్రిందిది, అదియు తెగి మరియొకటి, వలయములుగా బయటపడును. నడుమ రేకు మెరయును. దాని చుట్టు ప్రైమరు. దాని చుట్టు తొలి రంగు. ఆపైన తరువాతి యజమానుల రంగులు. ఇచ్చట తొందరపడి మోసపోవువారు కలరు. ప్రైమరుపై కొన్ని కర్మాగారములు బూడిదవన్నె, కొన్ని ఎర్రమట్టివన్నె అడుగుపూతలు వేసెడివి. అడుగుపూతను చూచి “మా కారు మొదట ఎర్రది” యని పండుగ చేసికొన్నవారిని నేనెరుగుదును. పొర దళసరి ఎంత, దానిపై దుమ్ము చారిక యున్నదా, దాని క్రింద లప్పము కలదా యని పరిశీలింపవలెను. రంగు క్రింద లప్పము కనబడెనా, ఆ రంగు కర్మాగారములోనిది కాక షెడ్డులోనిదని ఇంచుమించుగా తేలినట్లే.

ఒక్క హెచ్చరిక. పాత రంగులలో సీసము కలదు. పొడిగా రుద్ది ఆ ధూళిని పీల్చుట ప్రాణాపాయకరము. తడిపియే రుద్దవలెను, ముక్కునకు చేతిరుమాలు కట్టుకొనుట చాలదు, తగిన ముసుగు ధరింపవలెను.

దాగిన చోట దొరకిన రంగు సైతము పూర్తిగా సత్యము పలుకునని యనుకొనరాదు. ఎండ తగులకున్న రంగు మారదని మనకొక నమ్మకము. నూనెతో, ఆల్కిడ్ రెజినుతో చేసిన తెలుపులకు చీకటియే శత్రువు. వెలుగు సోకనిచోట అవి పసుపుబారును. తలుపు అట్ట క్రింద మీగడవలె కనబడిన తెలుపును కొలది దినములు పగటి వెలుతురులో నుంచినచో ఆ పసుపు కొంత విరిగి, తొలి తెలుపునకు దగ్గరగా వచ్చును. సెల్యులోజు లాకరు తీరు దీనికి భిన్నము. అది ఎండలో పసుపుబారును. పాత ఎరుపులు కొన్ని వెలవెలబోయి పైన సున్నపు పొడివలె రాలును. సీసపు క్రోమేటు పసుపులు నల్లబడును. తెలుపునకు మూలమైన టైటానియము ఆక్సైడులో రెండు స్ఫటికరూపములు కలవు. పూర్వము వాడిన అనటేసు రూపము త్వరగా పొడిబారును, తరువాత వచ్చిన రూటైలు నిలుచును. కనుక వర్ణద్రవ్యమేదో యెరిగినవాడే, దొరకిన ముక్క ఎటువైపు ఎంత జరిగినదో ఊహించి వెనుకకు నడువగలడు. ముక్కను తీసికొన్న పిమ్మట మెత్తని పాలిషు పదార్థముతో పైనున్న మృతమైన పొరను తొలగించిన తరువాతనే పోల్చవలెను. పోల్చదగిన ముఖము ఆ అడుగుననే యున్నది.

ఇక ఫోటోలు, జ్ఞాపకములు. పాత నలుపు-తెలుపు ఫోటోలో కారు నల్లగా నున్నదని నల్లదే యనరాదు. తొలినాటి ఫిల్ములు ఎరుపును గ్రహింపజాలవు. ఎర్రకారు వానిలో నల్లగా పడును, నీలికారు వెలిసినట్లు పడును. ఇంటి పెద్దలు “మా నాన్నగారి కారు నెమలికంఠపు రంగమ్మా” యని మురిసి చెప్పుదురు. వినుటకు హాయి, కలుపుటకు పనికిరాదు. జ్ఞాపకము రంగును గాఢముచేసి నిలుపుకొనును. పైగా వయస్సు మీరినకొలది కంటిలోని కటకము పసుపుబారి నీలములు మసకబారును. ఐరోపా పురుషులలో నూటికి ఎనిమిదిమందికి ఎరుపు-పచ్చల భేదము తెలిసికొనుటలో లోపము కలదని లెక్కలు కలవు. రంగు సరిచూడు పెయింటరు కూడ అందొకడు కావచ్చును!

అసలు కష్టము దీపము క్రిందికి వచ్చినపుడు మొదలగును. చీరెకు సరిపడు జాకెట్టుగుడ్డ కొన వచ్చిన ఇల్లాలు దుకాణపు దీపములను నమ్మక, రెండింటిని పట్టుకొని మెట్లు దిగి వీధిలోని ఎండలో పరికించి చూచుట మీరెరుగుదురు. ఆమె చేయునది నూటికి నూరుపాళ్ళు శాస్త్రీయమైన పరీక్ష. వర్ణద్రవ్యములు వేరైన రెండు పూతలు ఒక వెలుతురులో అచ్చముగా ఒకటే యనిపించి, మరియొక వెలుతురులో వేరుపడవచ్చును. 1925 నాటి నీలికారునకు ప్రష్యను నీలమే ఆధారమనుకొందము. నేటి దుకాణములో నీలమనగా తరచుగా థాలోసయనిన్ నీలము, దీనిని ఐ.సి.ఐ. సంస్థ 1935లో ‘మొనాస్ట్రల్’ పేర అంగడికి తెచ్చెను. ఈ క్రొత్త నీలముతో ఆ పాత నీలమును ట్యూబులైటు క్రింద సరిగా తూచి పూసినను, సాయంకాలపు ఎండలో తలుపొక రంగు, పక్కరేకొక రంగు కావచ్చును. దీనికి మందు రెండే: పాత ద్రవ్యములకు సన్నిహితమైన ద్రవ్యములు గల రంగుతో కలుపుట, కలిపినదానిని పగటి నీడలో, తంతిదీపము క్రింద, ట్యూబులైటు క్రింద, మూడుచోట్లను చూచుట.

చూచుటకును ఒక నియమము కలదు. పారిసులోని గోబ్లెన్ నేతశాలలో రంగులద్దకమునకు అధిపతిగా నుండిన షెవ్రల్‌తో, నలుపు సరిగా లేదని పనివారు మొరపెట్టుకొనగా, ఆయన పరీక్షించి, తప్పు అద్దకములో లేదు, నలుపు ప్రక్కనున్న రంగులవలన కన్ను మోసపోవుచున్నదని నిరూపించెను. 1839లో ఆ విషయమై గ్రంథమును ప్రకటించెను. షెడ్డు గోడకు పచ్చరంగు, ప్రక్కన ఎర్రలారీ, పెయింటరు వంటిమీద నారింజచొక్కా, ఇన్నింటి నడుమ తెలుపు ఛాయను నిర్ణయింపబూనుట వ్యర్థము. బూడిదవన్నె గుడ్డ పరచి, దానిపై రెండు ముక్కలను అంచులు తాకునట్లుంచి, క్షణకాలము చూచి చూపు మరల్చుకొని, తిరిగి చూడవలెను. రెప్పవాల్చక చూచినకొలది కన్ను అలసి, ఉన్న భేదము కూడ మాయమగును.

కలుపువాడు చేయు పొరపాట్లలో అన్నిటికంటె సాధారణమైనది, డబ్బాలోని రంగును కర్రతో తీసి రేకుపక్క పెట్టి “సరిపోయింది సార్” అనుట. తడిరంగు వేరు, ఆరిన రంగు వేరు. కర్రతో రాచినది వేరు, గన్నుతో కొట్టినది వేరు. రేకుముక్కలు కొన్ని సిద్ధము చేసికొని, కారునకు వేయబోవు ప్రైమరునే వానిపై వేసి, అదే గన్నుతో, అదే తిన్నరుతో, అన్నియే పూతలు కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి పోల్చవలెను. ఎరుపు, పసుపు వంటి పలుచని రంగులు అడుగుపూతను దాచజాలవు. బూడిద ప్రైమరుపై ఒక ఎరుపు, తెల్ల ప్రైమరుపై మరియొక ఎరుపు. ప్రతి ముక్క వెనుకను పాళ్ళు వ్రాసియుంచుట ముఖ్యము. మన షెడ్లలో ఈ వ్రాత అలవాటు తక్కువ. పెద్దమేస్త్రీల చేతిలో అద్భుతమైన విద్య కలదు; రెండు చుక్కలు నలుపు, ఒక చుక్క పసుపు అని కంటితో తూచి కలిపి పూర్తిగా సరిపెట్టగల వారిని చూచితిని; అయితే ఆ డబ్బా ముగిసిన మరునాడు అదే రంగును మరల కలుపుట వారికే అసాధ్యము.

మెటాలిక్ రంగుల విషయమున ఈ కష్టములు ఇబ్బడి ముబ్బడియగును. తొలినాళ్ళలో చేపపొలుసుల మెరుపుపొడిని, తరువాత అల్యూమినియము పలుకులను కలిపి చేసిన ఈ పూతలలో రంగు ఎంతయో, పలుకులు పడుకొనిన తీరు అంత ముఖ్యము. గన్ను దూరముగా పట్టి పొడిగా కొట్టినచో పలుకులు పైకి తేలి రంగు తేలికయగును. దగ్గరగా తడిగా కొట్టినచో అవి అడుగంటి రంగు ముదురును. ఒకే డబ్బా, ఒకే మనిషి, రెండు రంగులు. జాగ్వారు వారి ‘ఒపలెసెంట్’ రంగులు వేసిన 1960ల నాటి కార్లను చూచినవారికి ఆ మెరుపు మిక్కిలి సన్ననిదని తెలియును. నాటి పలుకుల అంచులు చీలికలై యుండెడివి. తరువాత వచ్చినవి నునుపైన బిళ్ళలు, ఎక్కువ మెరయునవి. నేటి పలుకులతో నాటి రంగును కలిపినచో ఎదుటనుండి చూడ సరిపోయి, ఓరగా చూడ బయటపడును. కనుక ముక్కను చేతబట్టి ఎదురుగాను ఏటవాలుగాను త్రిప్పిత్రిప్పి చూడక ‘సరి’ యనరాదు.

నేడు ఇందుకు స్పెక్ట్రోఫోటోమీటరు అను సాధనము వచ్చినది. పూతపై ఆనించి మీట నొక్కినంతనే ప్రతి తరంగదైర్ఘ్యమున ఎంత వెలుగు తిరిగి వచ్చుచున్నదో కొలిచి, ఫలానా సంస్థ రంగులతో ఫలానా పాళ్ళని కంప్యూటరు చెప్పును. మెటాలిక్ రంగులకు 15, 45, 110 డిగ్రీల వంటి పలు కోణములందు కొలుచు రకములును కలవు. ఇది గొప్ప సహాయము. నేను దీనిని ఉపేక్షింపుమని చెప్పను. కాని ఈ యంత్రము తాను చూచినదానినే చెప్పును; వెలిసిన రేకుపై ఆనించినచో వెలిసిన రంగునకే పాళ్ళు చెప్పును. ఎక్కడ ఆనించవలెనో, వచ్చిన లెక్కను ఎంత సవరింపవలెనో నిర్ణయించుటకు ముందు చెప్పిన విచారణయంతయు కావలసినదే.

మరి పూతరకము? సెల్యులోజు లాకరుతో పుట్టిన కారునకు నేటి బేసుకోటు, దానిపై క్లియర్ కోటు వేసినచో రంగు సరిపోయినను చూపు సరిపోదు. మెరుపు రంగుపై వేరుగా తేలియాడుచున్నట్లుండును. ఒకే పూతలో రంగును మెరుపును ఇమిడియున్న పాత పద్ధతియే అట్టి బండికి శోభ. రోజూ రోడ్డున తిరుగు బండికి రెండు ద్రవములను కలిపి కొట్టు గట్టి టూప్యాక్ పూత కోరినవారిని నేను నిందింపను. ఎండ తీవ్రమైన మన ప్రాంతములలో సెల్యులోజును కాపాడుకొనుట భారమే. అయితే టూప్యాక్ రంగులలో ఐసోసైనేటులుండును. బయటి శుద్ధవాయువు గొట్టము ద్వారా అందు ముసుగు లేనిదే వానిని కొట్టరాదు.

సరిచూచుట యంతయు ఎందులకు, నచ్చిన రంగు వేసికొనిన దోషమేమి యని కొందరడుగుదురు. సొంత సొమ్ము, సొంత కారు, దోషమేమియు లేదు. కాని ఫెరారీ కార్ల గతి చూడుడు. 1960లలో నీలము, బూడిద, వెండి, పసుపు మొదలుగా ఎన్నో వన్నెలతో వెలువడినవి పెక్కు, తరువాతి దశాబ్దులలో కొనువారందరు ఎరుపునే కోరుటచే ఎర్రబారినవి. ఇపుడు వాని యజమానులే ఖాతాలు తిరుగవేసి, డబ్బు పోసి, ఆ ఎరుపును గీకించి తొలి వన్నెకు మరలించుచున్నారు. మన అంబాసిడరు 1950ల చివరనుండి 2014 వరకు ఉత్తరపాడాలో తయారైనది; దానిని సర్కారు తెలుపుగానే ఎరిగిన నేటి యువకులు, తాతలనాటి అంబాసిడరు ఏది దొరకినను తెల్లగా పూయించుచున్నారు. ఆ తెలుపు క్రింద ఏ లేత నీలమో ఏ బూడిదవన్నెయో ఉండవచ్చును. రబ్బరు క్రింద ఒక్కసారి చూడక పూయించుట తొందరపాటని నా తీర్పు.

కావున పాత కారును షెడ్డున కప్పగింపబోవు శ్రోతలకు నా మనవి ఇది. రంగు తీయు మందు పూయుటకు ముందు డాష్‌బోర్డు వెనుకనో, డిక్కీ అడుగుననో తొలి పూత గల జానెడు చోటును కాగితము అతికి కప్పి, దానిని గీకవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పుడు. క్రొత్త రంగు కుదిరిన దినమున దాని పాళ్ళు, తిన్నరు పేరు, ప్రైమరు వన్నె, తేదీ ఒక కాగితముపై వ్రాయించి, నమూనా రేకుముక్కతో కూడ కవరులో పెట్టి కారు పత్రములతో భద్రపరచుడు. రేపు ఎవరైనను ఒక్క తలుపు మార్చవలసి వచ్చినప్పుడు ఆ కవరు వారికి అక్కరకు వచ్చును.